నీరా కన్నా ముందు క్యాన్ సంగతి

నీరా హలాలా, హరామా?

రంజాన్ ఎండాకాలం మొదట్లోకి జరిగినప్పటి నుంచి మా కోవూరులో ఏటా ఎవరో ఒకరు ఈ సవాల్ అడుగుతూనే ఉన్నారు. చాంద్ లెక్కలో రంజాన్ ఏడాదికి పది పదకొండు రోజులు ముందుకొస్తుంది కదా. 2024లో మార్చి రెండో వారంలో మొదలైంది, 2025లో మార్చి మొదట్లోనే వచ్చేసింది. తాటిచెట్ల గీత కూడా జనవరి నుంచి మే దాకానే. అట్లా ఈ నాలుగైదేళ్లు రోజాలూ నీరా సీజనూ ఒకే దస్తర్‌ఖాన్ మీదికొచ్చి కూర్చున్నాయి.

మా తమ్ముడు విడవలూరు అవతల, సముద్రం వైపు పల్లెల నుంచి ఫజర్ తర్వాత రెండు ఇరవై లీటర్ల క్యాన్లలో నీరా తెస్తాడు. ఒకటి మా గల్లీ ఇళ్లకు, ఒకటి మస్జిద్‌లో ఇఫ్తార్‌కు. తేవడం వాడి పని, క్యాన్లు కడగడం నా పని. నాలుగు రంజాన్‌లుగా కడుగుతున్నాను కాబట్టి పై సవాల్‌కు నాకు తెలిసిన జవాబు చెప్తాను. మసలా తేల్చాల్సింది ఉలమాలే, నేను ఆలిమాను కాను. కానీ క్యాన్ సంగతి నాకు తెలుసు. ఈ మసలాలో సగం క్యాన్‌లోనే ఉంది.

మన పెద్దవాళ్లకు తాడిచెట్టు అంటేనే షక్. తాడిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు కదా, మన ముసల్మాన్ ఇళ్లలో ఆ మాటకు ఇంకాస్త బలం ఎక్కువ. మా దాదీ అయితే తాటిముంజలు మహా ఇష్టంగా తినేది గానీ నీరా మాటెత్తితే "నక్కో బాబా, నక్కో" అని మొహం తిప్పేసేది. ముంజ, నీరా రెండూ ఒకే జాతి చెట్టువి. చెట్టు నుంచి కారేటప్పుడు నీరాలో నషా ఏమీ ఉండదు. తియ్యటి నీళ్లు, అంతే. అందులో పది శాతం పైనే చక్కెర ఉంటుంది. రోజా ఉండి సాయంత్రం ఒక గ్లాసు తాగితే ప్రాణం లేచొస్తుంది.

అయితే ఆ తీపి మీద మనకన్నా ముందు చెయ్యి వేసేవి కొన్ని ఉన్నాయి. గాలిలో, చెట్టు మీద, ముంతలో, క్యాన్‌లో ఉండే ఖమీర్, ఇంకా కంటికి కనపడని రకరకాల జరాసీమ్. చక్కెరను తిని నషాను, గ్యాస్‌ను, పులుపును వదులుతాయి. మన ఎండకు ఈ పని చాలా జోరుగా సాగుతుంది. నీరాను ఊరికే వదిలేస్తే కొన్ని గంటల్లోనే నురగ కడుతుంది. ఒక రోజు గడిచేసరికి నాలుగైదు శాతం ఆల్కహాల్ చేరుతుంది. పొద్దున హలాల్‌గా దిగింది సాయంత్రానికి హరామ్ అయి కూర్చుంటుంది. మధ్యలో ఎవరూ అందులో ఏమీ కలపలేదు.

ఎవరూ కలపలేదు అనేది పైకి కనపడే మాట. చాలాసార్లు కలిపేది పాత్రే.

పెరుగు తోడుపెట్టే ఆడవాళ్లకు ఇది ఒక్క మాటలో అర్థమవుతుంది. కడగని పాత్రే తోడు. రొట్టెలకు నిన్నటి పిండిలోంచి ఒక ముద్ద దాచి ఇవాళ్టి పిండిలో కలిపితే ఖమీర్ ఎట్లా లేస్తుందో, నిన్నటి కల్లు తడి మిగిలిన ముంతలో ఇవాళ్టి నీరా పడితే అట్లాగే లేస్తుంది. కల్లు కావాలనుకున్న గీతకార్మికుడికి ముంత కడగాల్సిన తొందర లేదు. అడుగున మిగిలిన మడ్డే అతని తోడు. నీరా కావాలనుకున్నవాడు ముంతను కడగాలి, కాల్చాలి లేదా పొగపెట్టాలి, లోపల సున్నం పూయాలి. సున్నం నీరాను క్షారంగా ఉంచుతుంది, అందులో ఖమీర్ పెరగలేదు. చెట్టు ఒకటే, గెల ఒకటే, కత్తి పట్టిన చెయ్యి కూడా ఒకటే. ముంతను బట్టి పైనుంచి నీరా దిగుతుంది, లేకపోతే కల్లు దిగుతుంది.

మన జబాన్‌లోనే ఈ సంగతి దాగుంది చూడండి. ఖమీర్, ఖమ్ర్ రెండూ అరబీలో ఒకే మాద్దా నుంచి వచ్చాయి. కప్పడం అని దాని అర్థం. తలను కప్పే ఖిమార్ కూడా అక్కడిదే. ఖమ్ర్ అక్ల్‌ను కప్పేస్తుంది.

పాత్ర సంగతిని రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లమ్ కాలంలోనే పట్టించుకున్నారు. అబ్దుల్ ఖైస్ కబీలావాళ్లు మదీనా వచ్చినప్పుడు నాలుగు రకాల పాత్రల్లో నబీజ్ నానబెట్టొద్దని వాళ్లకు చెప్పిన సంగతి బుఖారీలో, ముస్లిమ్‌లో ఉంది. నబీజ్ అంటే ఖర్జూరాలో కిష్‌మిషో నానబెట్టిన తియ్యటి నీళ్లు. ఆ నాలుగు పాత్రలు ఏవంటే ఎండిన సొరకాయ బుర్ర, పచ్చరంగు జాడీ, తారు పూసిన పాత్ర, ఖర్జూరపు మొద్దును తొలిచిన తొట్టి. వీటిలో నబీజ్ త్వరగా పులుస్తుంది, పులిసిన సంగతి బయటికి తెలియదు, తోలు మష్క్‌లో అయితే పులిసినప్పుడు తోలు ఉబ్బి చిట్లి తెలిసిపోతుంది అని ఉలమాలు వివరించారు. తర్వాత ఆ మనాహీ ఎత్తేశారు. ఏ పాత్రలోనైనా తాగండి, నషా ఇచ్చేది మాత్రం తాగకండి అని ఇజాజత్ ఇచ్చారు. ఈ హదీస్ సహీ ముస్లిమ్‌లో ఉంది.

ఇది చదివినప్పుడు నాకు మా ప్లాస్టిక్ క్యానే గుర్తొచ్చింది. ఈ విషయంలో అది మష్క్ లాంటిదే. లోపల నీరా పులిస్తే గ్యాస్‌కు క్యాన్ పక్కలు ఉబ్బుతాయి, మూత తిప్పగానే బుస్సుమంటుంది. అంత దాకా వచ్చిందంటే ఇక రుచి చూసి తేల్చే పని లేదు. అది ఇఫ్తార్‌కు పనికిరాదు.

మరి క్యాన్ ఎట్లా కడగాలి? నేను చేసే తర్తీబ్ చెప్తాను.

అన్నిటికన్నా ముందు ఏ క్యాన్ అనేది చూడాలి. మా వైపు రొయ్యల గుంటలు ఎక్కువ. గుంటలకు మందులు, కెమికల్స్ వచ్చిన నీలం డ్రమ్ములు తర్వాత అగ్గువకు అమ్ముతారు. ఎంత కడిగినా అవి తాగేవాటికి పనికిరావు. ప్లాస్టిక్ వాసననూ మందునూ లోపలికి పీల్చుకుంటుంది. తినే, తాగే వస్తువుల కోసమే చేసిన హెచ్‌డీపీఈ క్యాన్ కొనాలి. అడుగున త్రికోణం గుర్తులో 2 అంకె ఉంటుంది. ఆ అంకె ప్లాస్టిక్ రకం మాత్రమే చెప్తుంది, అందులో ముందు ఏం పోశారో చెప్పదు. అందుకే కొత్తదే కొనమంటాను. మూతి కూడా చెయ్యి లోపలికి పోయేంత వెడల్పుగా ఉండాలి. చెయ్యి పోని క్యాన్ లోపల ఏముందో అల్లాహ్‌కే తెలుసు.

నీరా ఖాళీ అయిన వెంటనే మామూలు నీళ్లతో కడిగేయాలి. తరావీ నమాజు నుంచి వచ్చాక చూద్దాంలే అనుకుంటే ఆ రెండు మూడు గంటల్లో గోడలకు జిగట పడుతుంది. అది వట్టి చక్కెర జిగట కాదు. జరాసీమ్ తమ చుట్టూ తామే కట్టుకున్న పొర. దాని కింద అవి హాయిగా బతుకుతాయి. చేత్తో తడిమితే జారినట్టు ఉంటే ఆ క్యాన్ ఇంకా కడగలేదనే లెక్క.

తర్వాత సబ్బు నీళ్లు. నీళ్లు చెయ్యికి బాగా వేడి తగలాలి గానీ సలసలా మరిగేవి పోయకూడదు, క్యాన్ వంకర పోతుంది. మెత్తటి బ్రష్‌తోనో గుడ్డతోనో రుద్దాలి. ఇనుప పీచు వద్దు. కొందరు ఇసుక పోసి గిలకొడతారు, అదీ వద్దు. ప్లాస్టిక్ మీద గీత పడిందంటే ఆ గీతే జరాసీమ్‌కు ఇల్లు, రేపు బ్రష్ అందులోకి పోదు. గీతలు బాగా పడిన క్యాన్‌ను నేను బియ్యానికో ఉప్పుకో మార్చేస్తాను. మూత మరలు, మూతలోని రబ్బరు వాషర్, మస్జిద్ డ్రమ్ముకైతే కుళాయి, వీటిని విప్పి విడిగా కడగాలి. గోడలు మెరుస్తుంటాయి, కుళాయి లోపల మాత్రం మొన్నటి నీరా ఉంటుంది. దాని మీదుగానే ప్రతి గ్లాసూ నిండుతుంది.

సున్నం వల్ల ఇంకో పని పడుతుంది. ముంతలోంచి నీరాతో పాటు కొంచెం సున్నం క్యాన్‌లోకి దిగుతుంది. వారం పది రోజుల్లో అడుగున తెల్లటి గార కడుతుంది. దానికి సబ్బు పనిచేయదు, పులుపు కావాలి. చింతపండు పులుసో సిర్కానో పోసి అరగంట ఉంచితే గార వదులుతుంది. తర్వాత ఆ పులుపు పూర్తిగా పోయేదాకా నీళ్లతో కడగాలి. ఎందుకంటే తర్వాత వచ్చేది బ్లీచ్. సిర్కా గానీ, ఇంకే యాసిడ్ గానీ బ్లీచ్‌తో కలిస్తే క్లోరిన్ గ్యాస్ లేస్తుంది. తలుపు వేసిన బాత్‌రూమ్‌లో అది ఊపిరితిత్తులకు ఖత్రా. ఈ ఒక్క మాట పిల్లలతో పని చేయించేవాళ్లు తప్పకుండా గుర్తుపెట్టుకోండి.

బ్లీచ్ కొలత ఇది. పది లీటర్ల నీళ్లకు ఐదు శాతం బ్లీచ్ 40 మిల్లీలీటర్లు. బ్లీచింగ్ పౌడర్ అయితే, తాజాది, సుమారు ఏడు గ్రాములు నీళ్లలో కలిపి, తేరిన తర్వాత పైనీళ్లు వాడాలి. రెండూ దగ్గర దగ్గర 200 పీపీఎం క్లోరిన్ ఇస్తాయి. క్యాన్ లోపలి గోడలు, మూత, వాషర్ అన్నీ పది నిమిషాలు అందులో తడిసి ఉండాలి. మురికి క్యాన్‌లో బ్లీచ్ పోస్తే ఫాయిదా లేదు. క్లోరిన్ మురికి మీదే ఖర్చయిపోయి జరాసీమ్ దాకా రాదు. కడగడం ఒక పని, జరాసీమ్‌ను చంపడం ఇంకో పని. మొదటిది పూర్తయ్యాకే రెండోది.

ఆఖరున బ్లీచ్ వాసన పోయేదాకా తాగే నీళ్లతోనే కడగాలి. బోరు నీళ్లతో ఆఖరి కడుగు కడిగితే చంపినవాటిని మళ్లీ దావత్‌కు పిలిచినట్టే. తర్వాత బోర్లించాలి. నేలకు ఆనకుండా రెండు కర్రల మీద పెడితే లోపలికి గాలి ఆడుతుంది. పూర్తిగా ఆరాకే మూత. తడి మీద మూత పెడితే పొద్దుటికి ముక్క వాసన వస్తుంది.

ఇదంతా విని మా పిన్నత్తగారు ఒకసారి అన్నారు, "ఏమమ్మా, మూడుసార్లు నీళ్లు పోసి కడిగితే పాక్ అయిపోతుంది కదా, ఇంత తమాషా ఎందుకు?" అని.

ఆమె మాట ఫిఖ్ ప్రకారం సహీనే. మన హనఫీ ఇళ్లలో నజాసత్ తగిలిన బర్తన్‌ను మూడుసార్లు కడిగి పాక్ చేసుకోవడం మనందరికీ తెలుసు. అబూ సాలబా రజియల్లాహు అన్హు అహ్లె కితాబ్ బర్తన్ల గురించి అడిగినప్పుడు కూడా, వేరేవి దొరక్కపోతే కడిగి వాడుకోండి అనే జవాబు వచ్చింది. కల్లు పోసిన క్యాన్ ఎప్పటికీ నాపాక్ అని ఎవరూ అనలేదు.

నేను ఆమెకు చెప్పింది ఏమంటే, అత్తమ్మా, మూడు కడుగులతో క్యాన్ పాక్ అవుతుంది, కానీ ఖమీర్ చావదు. ఇప్పుడు పోసిన నీరా పాకే. సాయంత్రానికి అది నషా ఎక్కితే అప్పుడేం చేస్తాం? తహారత్ ఈ ఘడియకు సంబంధించింది. బ్రష్షూ బ్లీచూ మగ్రిబ్ దాకా ఉండే పన్నెండు గంటలకు సంబంధించినవి. రెండిటికీ ఝగడా లేదు. ఒకదాని పని ఇంకొకటి చేయదు, అంతే. ఆమె కాసేపు ఆలోచించి, "అయితే ఆ బ్రష్ ఇట్లా ఇయ్యి" అన్నారు.

ఆ పన్నెండు గంటలే అసలు ముష్కిల్. నీరా తెల్లవారుజామున దిగుతుంది. మార్చిలో మాకు ఇఫ్తార్ ఆరుంపావు దాటాక. క్యాన్ ఎంత శుభ్రంగా ఉన్నా చెట్టు నుంచీ గాలి నుంచీ కొంత ఖమీర్ వస్తూనే ఉంటుంది. దాన్ని నిద్రపుచ్చాలంటే చలి కావాలి. మా తీరంలో ఐసుకు కొదవ లేదు, రొయ్యల కోసం ఐసు ఫ్యాక్టరీలు ఉన్నాయి. ఆ ఐసు తాగేది కాదు కాబట్టి నీరాలో వేయకూడదు. థర్మాకోల్ పెట్టెలో క్యాన్ పెట్టి చుట్టూ ఐసు పోస్తాం. చెట్టు దగ్గర నుంచే అట్లా పెట్టి తేవాలి. ఇంటికొచ్చాక పెడదాం అంటే అప్పటికే ఆలస్యం.

కాసర్‌గోడ్‌లోని కేంద్ర తోటపంటల పరిశోధనా సంస్థవాళ్లు కొబ్బరి నీరాకు ఇదే సూత్రం వాడారు. చెట్టు పైనే గెలకు ఐసు పెట్టె కట్టి, సున్నం లేకుండానే తియ్యటి రసం దింపుతారు. దానికి కల్పరస అని పేరు పెట్టారు. మన దగ్గర పందిరిమామిడి ఉద్యాన పరిశోధనా స్థానంలో తాటి నీరా మీద పని జరుగుతోంది. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద 2023లో నీరా కేఫ్ కూడా తెరిచారు. కెనడావాళ్లయితే మేపుల్ చెట్ల రసాన్ని ఇట్లాంటి ప్లాస్టిక్ ట్యాంకుల్లోనే పట్టి, కాచి, సిరప్ చేస్తారు. ఆ రసంలో చక్కెర రెండు శాతమే. సుమారు నలభై లీటర్లు కాస్తే ఒక లీటరు సిరప్. వాళ్లకు రసం కారేది మంచు కరిగే రోజుల్లో, చలి వాళ్లకు ముఫ్త్. అయినా ట్యాంకులు రుద్ది కడుగుతారు, లేకపోతే రసం పులిసి సిరప్ పాడవుతుంది. అంత చలిలో వాళ్లకే అంత పట్టింపు ఉంటే, మార్చి ఎండలో మనకెంత ఉండాలి?

ఇప్పుడు నేను ఇదంతా రాయడానికి అసలు కారణం చెప్తాను.

రెండేళ్ల కిందట మా వైపు ఒక మస్జిద్‌లో ఇఫ్తార్‌కు పెట్టిన నీరా పులిసింది. అది మా క్యాన్ కాదు, వాళ్లే వేరేగా తెప్పించుకున్నారు. ఒక పెద్దాయన గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని, వాసన పట్టి, కింద పెట్టేశారు. పిల్లలు అప్పటికే తాగేశారు. పెద్ద గొడవ. నింద ఎవరి మీద పడిందో మీరు ఊహించగలరు. గీత అన్న మీదే. "కల్లు అమ్మేవాడు కల్లే ఇస్తాడు, వాడికి మన రోజా ఏం తెలుసు" అన్నారు. అతను మనవాడు కాదు, చెట్టెక్కేవాడు, పైగా ఆ ఊళ్లో అతను కల్లూ దింపుతాడు. ఇక సాక్ష్యం ఎందుకు? మర్నాటి నుంచి నాలుగు ఇళ్లవాళ్లు అతని దగ్గర కొనడం మానేశారు. రంజాన్ నెల అమ్మకం మీద ఆశపెట్టుకుని అతను వేరేగా నీరా ముంతలు పెట్టాడు. సున్నం, పొగ, రోజూ రెండు పూటల చెట్టెక్కడం, అంతా అదనపు పనే.

మా తమ్ముడు వెళ్లి అడిగితే అతను తిట్టలేదు. "చెట్టు దిగి నీ క్యాన్‌లో పోసేదాకా నా పూచీ, తమ్ముడా. ఆ తర్వాత నీ క్యాన్ పూచీ" అన్నాడు. తన ముంతలు చూపించాడు. కల్లు ముంతలు ఒక వరస, నీరా ముంతలు ఇంకో వరస. నీరావాటి మూతులకు సున్నం గీత, కలిసిపోకుండా. అదే పొద్దున అతను పోసిన నీరా మా క్యాన్‌లో మగ్రిబ్ దాకా తియ్యగానే ఉంది. ఆ మస్జిద్ డ్రమ్ము విప్పి చూస్తే కుళాయి లోపల బూడిదరంగు జిగట. అంతకుముందు జుమాకు అందులో రూహఫ్జా కలిపారట. తర్వాత ఎవరు కడిగారంటే ఎవరూ చెప్పలేకపోయారు. అందరి డ్రమ్ము ఎవరిదీ కాదు కదా.

నీరా హలాలా హరామా అని మనం చర్చ పెట్టుకునేటప్పుడు ఈ అన్న గుర్తుండాలి. అతనికి ఫిఖ్ తెలియదు. కానీ మన రోజా కోసం ముంత కడిగి, కాల్చి, సున్నం పూసి, చీకట్లో మోకు నడుముకు కట్టుకుని ఎక్కుతున్నాడు. మనకు అప్పగించేదాకా అది అతని దగ్గర అమానత్, అతను కాపాడాడు. మన చేతికొచ్చాక మన అమానత్. సరిగా కడగని డ్రమ్ములో పోసి, పులిశాక అతన్ని అనుమానిస్తే అది అమానత్‌లో ఖియానత్ మాత్రమే కాదు, బోహ్‌తాన్ కూడా.

ఆ తర్వాత ఆ మస్జిద్ డ్రమ్ము మీద ఒక కాగితం అంటించారు. ఎవరు కడిగారు, ఎప్పుడు కడిగారు, నీరా ఎన్ని గంటలకు పోశారు అనే మూడు గళ్లు. నలుగురు కుర్రాళ్లు వంతులు వేసుకున్నారు. తమ్ముడు ఆ ఇళ్లన్నిటికీ వెళ్లి సంగతి చెప్పొచ్చాడు. మూడిళ్లవాళ్లు మళ్లీ కొంటున్నారు. నాలుగో ఇంటివాళ్లు ఇంకా ఆలోచిస్తున్నారు.

పులిసిన నీరా చేతికొస్తే ఏం చేయాలని కూడా అడుగుతుంటారు. ఇబ్నె అబ్బాస్ రజియల్లాహు అన్హుమా రివాయత్‌లో నబీజ్‌కు గడువు కనిపిస్తుంది. మూడు రోజులు దాటితే తాగకుండా పారబోయించేవారు. అరబ్ నబీజ్‌కు మూడు రోజులైతే మన తాటి నీరాకు మూడు పూటలు కూడా ఎక్కువే. మా ఇంట్లో దిగిన రోజే తాగాలి, ఇఫ్తార్ అయ్యాక మిగిలింది సహర్ దాకా ఉంచం. పొద్దున్నే ఎక్కువనిపిస్తే తియ్యగా ఉన్నప్పుడే పొయ్యి మీద పెట్టి పాకం కాచేస్తాం, తాటిబెల్లం అవుతుంది. నురగ, పుల్లటి వాసన, మూత ఉబ్బు, ఈ మూడిట్లో ఏ ఒక్కటి కనపడినా పారబోయడమే. దాన్ని కావాలని సిర్కాగా మార్చడం మీద మజ్హబ్‌ల మధ్య ఇఖ్తిలాఫ్ ఉంది కాబట్టి ఆ మాట మీ ఇమామ్ సాహెబ్‌ను అడగండి.

వచ్చే రంజాన్‌కు నీరా తెప్పించుకునేవాళ్లు గీత అన్నను "ఇది కల్లు కాదు కదా?" అని అడిగే ముందు మీ క్యాన్ మూత తీసి వాసన చూడండి. కుళాయి విప్పండి. గోడ మీద వేలు పెట్టి రాయండి. జారితే తిరిగి ఇంటికి తీసుకెళ్లి కడగండి. కిర్రుమంటే అప్పుడు అతని ముందు పెట్టి, "పోయన్నా" అనండి.